రెండు రంధ్రాలు పైకెత్తిన మోటారు

అల్ ఖోర్ రేవులో నేను చెయ్యి పెట్టిన బోటు నీళ్లను తాకకుండా పోతుందని మా లేబర్ క్యాంపులో అందరూ అంటారు. అందరూ అంటే, మొదట అన్నది నేనే. తర్వాత నలుగురు విన్నారు, అంతే.

మా యజమాని ఖతరీ. చేపలవేటకు వెళ్లే అతని చిన్న స్పీడ్ బోటును తమ్ముడి బోటు ప్రతిసారీ దాటిపోతోందని అతని బాధ. వెనక పలకకు బిగించిన మోటారు మరీ కిందికి మునిగి నీటిని ఈడుస్తోందని చూడగానే చెప్పాను. చూడగానే కాదు, రెండు రోజులు దాని చుట్టూ తిరిగాక. బోల్టులు విప్పి, మోటారు పట్టీలో పైనుంచి కిందికి ఉన్న రంధ్రాల వరసలో దాన్ని ఒక రంధ్రం పైకెత్తాను. పొద్దున్నే, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు, ఒక్కడినే మోటారు పక్కన కూర్చుని నడిపాను. బోటు తేలికపడింది. చేతులు ఊరుకోలేదు. ఇంకో రంధ్రం ఎత్తాను. ఈసారి ఎగిరింది. గాలికి చొక్కా గుండీలు ఊడిపోయాయని చెబుతుంటాను గానీ, పోయింది టోపీ ఒక్కటే.

"లోడుతో చూశావా?" అని యజమాని హిందీలో అడిగాడు.

"నలుగురం కూర్చుని చూశాం" అన్నాను. నేను కాక ఆ ముగ్గురెవరో నాకూ తెలియదు.

శుక్రవారం అతను ముసలి తండ్రినీ ఇద్దరు బావమరదులనూ ఎక్కించుకున్నాడు. ఐసు పెట్టెలు రెండూ ముందు పెట్టించాడు. తండ్రి వాటి పక్కనే కూర్చున్నాడు. బోటు రేవు దాటాక గానీ నా బుర్రకు తట్టలేదు. బరువంతా ముందుంటే వెనక భాగం లేస్తుంది. అసలే పైకెత్తిన మోటారు అల మీద ఇంకా పైకి వస్తే పంకా నీటికి బదులు గాలిని పట్టుకుంటుంది. ఇంజను అరుస్తుంది, బోటు కదలదు. ఇంజనును చల్లబరిచే నీళ్లూ అందవు.

పైగా గాలి మొదలైంది.

నాతో పనిచేసే వెల్డరుది నిజామాబాద్. గట్టు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"కాకా, జర కూసో. కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్."

"ఫోన్ జేస్తే కలుస్తలేదురా."

"అంత దూరం పోతే ఏం గలుస్తది? నువ్వే గదా, చాయ్ తాగేలోపు పోయొస్తరంటివి."

"అంటి గావచ్చు."

"నలుగురం గూసున్నం అంటివట. నేనైతే గూసోలే. ఎవరు కాకా ఆ నలుగురు?"

రేవు చివరికి పోయాను. వచ్చే బోట్లన్నీ చూశాను. వెనక్కి వచ్చి స్పానరు తీశాను, పెట్టాను. మళ్లీ పోయాను.

మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు వేళకు బోటు వచ్చింది, మనిషి నడిచినంత మెల్లగా. అందరూ తడిసి ముద్దయ్యారు. తండ్రి ముందుగా దిగి, నేరుగా మోటారు దగ్గరికి వచ్చి, పాత బోల్టుల గుర్తు మీద బొటనవేలు పెట్టాడు. నా వైపు తిరిగి రెండు వేళ్లు చూపాడు. తల ఊపాను. తర్వాత సీట్ల వైపు చెయ్యి తిప్పి, ఎంతమంది అన్నట్టు చూశాడు.

నాలుగు వేళ్లూ లేవబోయాయి. మూడింటిని మడిచి, ఒక్కటి చూపాను.

యజమాని నోరు తెరవబోతే ముసలాయన ఆపి అరబీలో ఏదో అన్నాడు. అరబీ తెలిసిన వెల్డరు నా చెవిలో చెప్పాడు.

"ఇగ ముందల నిన్నే గూసోవెట్టుమంటుండు, కాకా."

మరునాడు మోటారును ఒక రంధ్రం దించాను. యజమాని నడిపాడు. నేను ముందు, ఐసు పెట్టె మీద. వచ్చిన ప్రతి అల నా ఒళ్లోనే పడింది. మోటారు మాత్రం అరవలేదు. తమ్ముడి బోటును దాటేశామని రాయాలని ఉంది. ఆ రోజు తమ్ముడు రానే లేదు.

నేను ఎక్కకుండా మా యజమాని కొత్తగా సర్దిన ఏ బోటునూ బయటికి తీయడని క్యాంపులో చెబుతుంటాను. అది నిజమే. బరువు కోసమని మాత్రం చెప్పను.