మూడో రోజు లక్క

ఒమాన్ దేశం నిజ్వాలో గురవయ్య పనిచేసే షాపుకు ముందంతా అద్దాలే. వెనకవైపు ఒక్క కిటికీ కూడా లేదు. వెనక గదిలో లేత్ మిషను, దాని పక్కన రేకు తలుపు, తలుపు అవతల అతని మంచం. డ్యూటీకి వెళ్లడమంటే ఆ తలుపు తీయడమే. మూడేళ్లుగా అలాగే వెళ్తున్నాడు.

అతనిది ఏటికొప్పాక. ఇంటిల్లిపాదికీ లక్క పని వచ్చు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే రంగు కరిగి కర్రను పట్టుకుంటుంది. దానికి మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2006లో కార్పెంటర్ వీసా మీద వచ్చాడు. అగ్రిమెంటు రెండేళ్లకే. సంచిలో నాలుగు జతల బట్టలు, రెండు ఉలులు, ఎర్ర లక్క కడ్డీలు ఒక కట్ట తెచ్చుకున్నాడు. పాస్‌పోర్టు మొదటి రోజే యజమాని సాలెం తీసి ఇంట్లో బీరువాలో పెట్టాడు. సాలెంను అందరూ అర్బాబ్ అంటారు, అంటే అయ్యగారు.

మరుసటి ఏడు జూన్‌లో వచ్చిన పెద్ద తుఫాను మస్కట్ వైపు చెట్లను కూల్చింది. అర్బాబ్ రెండు లారీల దుంగలు తెప్పించాడు. వాటిని ఏడాదైనా నీడన ఆరబెట్టాలని గురవయ్య చెప్పాడు. అక్టోబరుకల్లా టూరిస్టులు వస్తారని అర్బాబ్ చెప్పాడు. పచ్చి కర్రనే లేత్ మీద పెట్టి గిన్నెలు తిప్పక తప్పలేదు. ఏసీ వేసిన అద్దాల షాపులో పెట్టిన పది రోజులకు అవి ఒకటొకటిగా టప్ టప్ మని పగలడం మొదలుపెట్టాయి.

"గురవన్నా, నీ గిన్నెలు పొద్దస్తమానం మాట్లాడుకుంటాండాయబ్బా" అని నవ్వాడు నిసార్ అహ్మద్. రాయచోటి మనిషి. పదిహేనేళ్లుగా ఆ షాపులో అమ్మకాలు చూస్తున్నాడు.

పగిలినవాటిని పొయ్యిలో పెట్టెయ్యమన్నారు. గురవయ్యకు మనసొప్పలేదు. ఊళ్లో చిన్న పగులుకు అదే రంగు లక్క పోసి కనబడకుండా చేస్తారు. ఇక్కడ కర్ర రంగు లక్క లేదు, ఉన్నది ఎరుపే. కత్తిని దీపం మీద వేడిచేసి, దాంతో లక్క కరిగించి పగులులోకి జార్చి, మళ్లీ లేత్ మీద సన్నగా చెక్కాడు. పగులు దాగలేదు సరికదా, పాపిట్లో కుంకుమలా ఎర్రగా తేలింది. షాపులోకి వచ్చిన ఒక జర్మన్ ఆవిడ మంచి గిన్నెలన్నీ పక్కకు జరిపి దాన్నే తీసుకుంది.

అప్పటినుంచి పగులు గురవయ్య పని అయిపోయింది. తాళంచెవులు కోసే కొట్టునుంచి ఇత్తడి పొడి తెచ్చి లక్కలో కలిపాడు. నీలిరంగు ఫిరోజా రాళ్ల ముక్కలు దంచి పోశాడు. వెండిపనివాళ్ల దగ్గర తీగ తీసుకుని, పగులుకు అటూ ఇటూ సన్నటి బెజ్జాలు వేసి చెప్పు కుట్టినట్టు కుట్టాడు. పగులు వెడల్పుగా ఉంటే డమరుకం ఆకారంలో నల్లకర్ర ముక్క కోసి అడ్డంగా దిగ్గొట్టాడు. ఆఖరికి పగలని గిన్నెను అడిగేవాళ్లే లేకుండాపోయారు. ఊళ్లో కర్ర పగలకుండా పొట్టులో పూడ్చి ఆరబెట్టిన మనిషి, ఇక్కడ పగలడం కోసం గిన్నెల్ని ఏసీ గాలికి ఎదురుగా పెట్టాడు.

ఈ పనిలో కిటుకు ఒక్కటే. పగులు కదలడం ఆగేదాకా లక్క పోయకూడదు. ఒక్కో గిన్నెకు ఇరవై రోజులు పడుతుంది, ఒక్కోదానికి నలభై. గిన్నెను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొడితే తెలుస్తుంది. తడి కర్ర మొద్దుగా పలుకుతుంది. గురవయ్య ఆ పని తలుపు వేసుకుని చేసేవాడు. లక్క సంగతి ఇంటి బయటివాళ్లకు చెప్పకూడదన్నది వాళ్ల ఇంటి కట్టడి. దానికితోడు, ఇంకొకడికి పని వస్తే తనను పంపించేస్తారన్న భయం కూడా ఉండేది.

2008లో అర్బాబ్ తన సైట్ నుంచి రామాంజనేయులు అనే మేస్త్రీని తెచ్చి, ఇతనికి నేర్పమన్నాడు. జగిత్యాల మనిషి, నలభై ఏళ్లు. అందరూ ఆంజి అంటారు. గురవయ్య అతనికి కత్తి వేడిచేయడం, లక్క జార్చడం, చెక్కడం అన్నీ చూపించాడు. ఎప్పుడు పోయాలని ఆంజి అడిగితే, "మూడో రోజు పోసెయ్" అన్నాడు.

ఆంజి పన్నెండు గిన్నెలకు మూడో రోజు లక్క పోశాడు. కర్ర ఇంకా ఆరుతూ, ముడుచుకుంటూ ఉంది. వారం తిరిగేసరికి పగుళ్లు బిగిసి లక్కను బయటికి తోశాయి. పొలం గట్లలా ఎర్రటి కట్టలు పైకి లేచాయి. కొన్ని పెళ్లలుగా రాలాయి. అర్బాబ్ ఆ పన్నెండూ కాల్పించి, ఆంజిని సహం అనే ఊళ్లో తన బావమరిది తోటకు పంపేశాడు. గురవయ్య తలుపు వేసుకుని తన గిన్నెలను గోటితో కొట్టి చూసుకున్నాడు.

2009 మేలో భార్య మంగళ ఫోన్ చేసింది. ఊళ్లో లక్క పనివాళ్ల సంఘం కొత్త షెడ్డు కట్టి కరెంటు మిషన్లు పెట్టింది. చనిపోయిన తండ్రి సభ్యత్వం మీద గురవయ్యకు ఒక మిషను వచ్చింది. మంగళ అప్పటిదాకా బావగారి పాత లేత్‌కు తాడు లాగుతూ బతుకుతోంది. ఆ మిషను వస్తే ఆ తాడు వదిలెయ్యొచ్చు.

"జూన్ ఆకరే గడువంట. అది దాటితే ఇంకోళ్లకి రాసేత్తారంట. మనిసొచ్చి సంతకం ఎట్టాలంట. నానెడతానంటే ఒప్పుకోలేదు."

"అర్బాబుని అడుగుతాను."

"మూడేళ్ల కాడినుంచి అడుగుతానే ఉన్నావు. ఆయనకి సెవుడేటి?"

అర్బాబ్‌కు చెవుడు లేదు. శాంతంగా విన్నాడు, ఖర్జూరాల పళ్లెం ముందుకు జరిపాడు, వచ్చీరాని హిందీలో నిదానంగా చెప్పాడు. "నువ్వు పోతే పగుళ్లు ఎవరు చూస్తారు? ఒక మనిషిని తయారుచెయ్యి. అతని చేతి గిన్నె నాకు చూపించు. ఆ రోజే పాస్‌పోర్టు, ఆ రోజే టికెట్."

గురవయ్య ముందు నిసార్‌నే అడిగాడు. "బాయ్, నువ్వు నేర్సుకో. ఇరవై రోజుల్లో నేర్పేత్తాను."

"నాకు చెయ్యి వణుకుతాదన్నా" అంటూ నిసార్ ఫ్లాస్కు ఎత్తి, రెండు చిన్న కప్పుల్లోకి చుక్క ఒలకకుండా టీ పోశాడు. తర్వాత తనే నవ్వాడు. "నాకు రెండేళ్లకొకసారి లీవు వస్తాంది. దాన్ని పోగొట్టుకోమంటావా?"

ఇంకా మిగిలింది ఆంజి. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి, బస్సులు మారి గురవయ్య సహం చేరాడు. ఆంజి నిమ్మచెట్ల మధ్య లుంగీ ఎగగట్టి గొట్టంతో నీళ్లు పెడుతున్నాడు. ఒళ్లు చేశాడు.

"ఏందే గురవన్న, తొవ్వ తప్పినవా?"

"నీ కోసవే వచ్చేను. నిజ్వా వచ్చెయ్ ఆంజీ. పని మొత్తం నేర్పుతాను. ఈసారి ఏదీ దాయను."

ఆంజి గొట్టాన్ని ఇంకో పాదులోకి తిప్పాడు. "ఎందుకే?"

"నేర్సుకున్న మనిసిని సూపిత్తే గాని అర్బాబు నన్ను వదల్డంట."

"అట్లనా." ఆంజి గొట్టం పాదులో వదిలేసి ఇవతలికి వచ్చాడు. "నేను పోయినేడు ఇంటికి పోయొచ్చిన, ఎర్కేనా? నలభై దినాలు. అడిగిన తెల్లారే పాస్‌పోట్ చేతుల పెట్టిండ్రు. నేను లేకుంటే ఇంకొకడు నీళ్లు పడ్తడు, గంతే గద."

"ఆ రోజు నీకు తప్పు సెప్పేను" అన్నాడు గురవయ్య.

"నాకెర్కలేదనుకున్నవా? లక్క పైకి లేసిన నాడే ఎర్కయింది. మస్తు తిట్టుకున్న నిన్ను. ఇంటికి పోయొచ్చినంక తిట్టుడు బంద్ చేసిన." ఆంజి పెద్దగా నవ్వాడు. "తప్పు చెప్పి బతికిచ్చినవ్. గిప్పుడు సరిగ్గ చెప్పి ఇరికిస్తవా ఏందే?"

అన్నం పెట్టాడు. వచ్చేటప్పుడు ఒక సంచి నిమ్మకాయలిచ్చి బస్సు దాకా వచ్చాడు.

తిరుగు ప్రయాణంలో గురవయ్య ఆ మాటే నెమరేసుకున్నాడు. చెడగొట్టిన మనిషిని పంపేస్తారు. ఇక తను చేయాల్సిందీ చెడగొట్టడమే.

సోమవారం కొత్తగా వచ్చిన పచ్చి దుంగ ఎక్కించి పన్నెండు గిన్నెలు తిప్పాడు. ఏసీ గాలికి రెండో రోజే పగిలాయి. మూడో రోజు కత్తి వేడిచేశాడు. అలవాటు కొద్దీ మొదటి గిన్నెను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. తడిగా, మొద్దుగా పలికింది. పక్కన పెట్టబోయి ఆగాడు. లక్క పోశాడు. పన్నెండింటికీ పోసి, చెక్కి, మెరుగు పెట్టి షాపులో ముందు వరుసలో పేర్చాడు. ఇరవై ఏళ్లలో తన చేత్తో తెలిసి చెడగొట్టిన పని అదొక్కటే.

తొమ్మిది రోజులకు లక్క లేచింది. ఎర్రటి కట్టలు గిన్నెల చుట్టూ వంకర్లు తిరిగి పైకి ఉబికాయి. రెండింట్లో పెళ్లలు రాలాయి. గురవయ్య తుడవలేదు. అర్బాబ్ కోసం ఎదురుచూశాడు.

అర్బాబ్ ఒక్కడే రాలేదు. మస్కట్‌లో ఏదో హోటల్‌కు సామాను కొనే ఆవిడను వెంట తెచ్చాడు. ఆవిడ గిన్నె చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని ఉబికిన కట్ట మీద వేలు నడిపించింది. ఇంగ్లీషులో ఏదో అంది. నిసార్ ఆశ్చర్యంగా గురవయ్య వైపు చూశాడు. అర్బాబ్ కూడా వేలు నడిపించి చూసి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"జదీద్! కొత్త డిజైన్!"

"ఖరాబ్ హై, అర్బాబ్" అన్నాడు గురవయ్య. "గల్తీ హై."

అర్బాబ్ అతని భుజం తట్టి ఆవిడను కారుదాకా సాగనంపడానికి వెళ్లాడు.

"ఇవి ఆంజి గిన్నెలే గదన్నా" అన్నాడు నిసార్ గొంతు తగ్గించి.

"అదే సెప్పు ఆయనకి. ఆ పన్నెండూ ఇవీ ఒకటేనని సెప్పు బాయ్."

"చెప్తే మాత్రం? ఆంజి చేసింటే తప్పు. నువ్వు చేస్తే డిజైను." నిసార్ రాలిన లక్క పెళ్లలు ఏరి కాగితంలో పెట్టాడు. "అరవై అడిగిందా యమ్మ. అన్నీ ఇట్లే ఉబకాలంట. ఆగస్టు దాకా పని ఉండాది నీకు."

జూన్ ముప్పై మంగళవారం వచ్చింది. సాయంత్రం మంగళ ఫోన్ చేసింది. మిషను ఎవరి పేర రాశారో చెప్పలేదు. అతనూ అడగలేదు. వెనకనుంచి పాత లేత్ తాడు కీచుమంటోంది.

"ఏటి సేత్తన్నావు?"

"లక్క పోత్తన్నాను."

"కర్ర ఆరిందా?"

"లేదు. మూడో రోజు."

ఆమె పనిలో పుట్టి పెరిగిన మనిషి. "మతుండే పోత్తన్నావా? పైకొచ్చెయ్యదా?"

"ఒచ్చేత్తది. ఈళ్లకి అలాగే కావాలంట."

అవతల తాడు చప్పుడు ఆగింది. "ఇక్కడైతే పొయ్యిలో ఎడతారు" అంది మంగళ.

"ఇక్కడా ఎట్టేరు. నాను సేసినియ్యి కాదు" అన్నాడు గురవయ్య. దీపం మీద కత్తి ఎర్రబడుతోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తర్వాతి గిన్నె అందుకున్నాడు.