తూర్పుకు తిప్పిన స్టార్టింగ్ లైను

మా ఆయన కారు నడపడం చూడాలంటే ఇంటి ముందు నిలబడితే లాభం లేదు, లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఇంటి ముందున్న అసలు కారు కవరు కప్పుకుని ముసుగుతన్ని పడుకుని ఉంటుంది. లాప్‌టాప్‌లో కారు మాత్రం నిలువు వలయంలో తలకిందులుగా తిరుగుతుంది, తెగిన వంతెన మీంచి గాల్లోకి లేచి అవతలి రోడ్డు మీద పడి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోతుంది. అప్పుడు ఆయన కుర్చీలో వెనక్కి వాలి నావైపు చూస్తారు. ఆ చూపు అందుకోవడానికే నన్ను కట్టుకున్నట్టు ఉంటుంది.

అది పాతకాలం ఆట. ఆయన ఇంటర్ చదివే రోజుల్లో కాకినాడలో కంప్యూటర్ నేర్పే చోట, నేర్పింది మానేసి దాన్ని ఆడేవారట. బొమ్మలన్నీ అట్టముక్కలు కత్తిరించి అతికించినట్టు ఉంటాయి. కొండ అంటే ఒక ముక్కోణం, చెట్టు అంటే ఇంకో ముక్కోణం. ఇంజను మోత చెవి దగ్గర దోమ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఈమధ్య పాత ఆటలు ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో దొరికి, జుట్టుకు రంగేసుకునే వయసులో మళ్ళీ దాని వెంట పడ్డారు.

అందులో ఆయనకు బాగా నచ్చింది ఏమిటంటే, రోడ్డు మనమే వేసుకోవచ్చు. గళ్ళుగళ్ళుగా పచ్చటి నేల చూపిస్తుంది. ఒక్కో గడిలో ఒక్కో ముక్క పెట్టుకుంటూ పోవాలి. తిన్నని రోడ్డు, మలుపు, వాలు, వలయం, వంతెన, ఏది కావాలంటే అది. బయలుదేరిన గీత దగ్గరికే తిరిగి రావాలి, అదొక్కటే నియమం. ఆఫీసులో ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరపడానికి వారం పట్టే మనిషి, ఇంటికొచ్చి గంటలో ఊరంతా రోడ్లు వేసేసేవారు.

ఇక అసలు కారు సంగతి. లోను నా జీతం మీద, బండి నా పేరు మీద. నేను బ్యాంకులో పనిచేస్తాను. మేముండేది యానాంలో. మా బ్రాంచి గోదావరి అవతల, వంతెన దాటి కోనసీమలోకి కొంత దూరం వెళ్ళాక ఒక ఊళ్ళో ఉంది. ఏళ్ళ తరబడి షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళి వస్తున్నాను. వానొస్తే ఒకవైపు తడుస్తాను, ఎండొస్తే అదే వైపు మాడతాను. అందుకే కారు కొన్నాం. కొన్నాక తెలిసింది, ఆయనకు కారు కావాలిగానీ కారులో ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని.

ఆయనకు లైసెన్సు పెళ్ళికి ముందు ఎప్పుడో వచ్చింది. నేను కారు కొన్నాక డ్రైవింగ్ స్కూల్లో చేరి, తెల్లారగట్ల మెట్టకూరు రోడ్డు మీద మాస్టారి చేత చీవాట్లు తిని, పరీక్ష నెగ్గి తెచ్చుకున్నాను. అయినా తాళం ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఇంట్లో ఉంటే లుంగీ మడతలో ఉంటుంది. మొలతాడుకు కట్టుకోవడం ఒక్కటే తక్కువ.

కారు అసలు కదలదా అంటే, కదులుతుంది. దసరాకి. బొట్లు పెట్టి, దండేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, వాటిని తొక్కించడానికి ఆయన ఒక మూర ముందుకు పోనిస్తారు. మళ్ళీ ఒక మూర వెనక్కి. సంవత్సరానికి సరిపడా ప్రయాణం అయిపోయింది. ఆదివారాలు బ్యాటరీ పడిపోకుండా స్టార్ట్ చేసి, ఏసీ వేసుకుని, అందులో కూర్చుని పేపరు చదువుకుంటారు. మాతోనే ఉండే మా అత్తగారు కాఫీ గ్లాసు కారు కిటికీలోంచి అందిస్తూ, "ఎందాకా ఎల్లేవురా?" అని అడుగుతారు.

వంతెన మాట ఎత్తితే చాలు, ఆయన దగ్గర కారణాలు సిద్ధంగా ఉంటాయి. గోదారి గాలికి బండి పక్కకు లాగేస్తుంది. లారీ ఎదురొస్తే తప్పుకోవడానికి చోటుండదు. అవతలంతా ఆంధ్రా, మనది పాండిచ్చేరి నెంబరు, చవక మందు సీసాలు తెస్తున్నామేమోనని ఆపి డిక్కీ తెరవమంటారు, నలుగురిలో పరువు పోతుంది. మా డిక్కీలో ఉండేవి ఒక స్టెపినీ, మా అత్తగారి పాత గొడుగు. వాటిని చూస్తే పోయే పరువేమిటో నాకిప్పటికీ తెలియదు.

ఒకరోజు వానలో తడిసి వచ్చి, ఇక పట్టలేక అడిగేశాను.

"మీకు భయమైతే నాకివ్వండి తాళం. నేనే నడుపుకుంటాను."

భయం అన్న మాట విని ఆయన మొహం మాడిపోయింది. "భయమా, నాకా? ఇలా రా" అని లాప్‌టాప్ తెరిచారు. "ఈ ట్రాక్ నేను వేసింది. పేరు చూడు, యానాం. ఇది మనిల్లు, ఇది గోదారి గట్టు, ఇదిగో వంతెన. ఎక్కడా పడకుండా ఒక్క చుట్టు తిరిగొచ్చెయ్, తాళం నీదే. రాలేదనుకో, ఇంక కారు ఊసెత్తకూడదు."

"అసలు బండికి లైసెన్సున్నాక బొమ్మ బండికి పరీక్షేంటండీ?"

"లైసెన్సుదేముందే. చేతికీ బుర్రకీ లంకె కుదరాలి. ఇందులో కుదిరితే రోడ్డు మీదా కుదురుద్ది."

నా ఒళ్ళు మండిపోయింది. అయినా ఒప్పుకున్నాను. "తాళం నీదే" అన్న మాట ఆయన నోట్లోంచి రావడం అదే మొదలు. పైగా గుమ్మంలో నిలబడి మా అత్తగారు విన్నారు.

ఇక చూడండి నా తిప్పలు. బ్యాంకు నుంచి రాగానే కుక్కర్ పెట్టి, కూతలయ్యేలోపు ఒక ఆట. మొదట్లో గట్టు మీంచి గోదాట్లో పడేదాన్ని. వలయం సగం ఎక్కి జారిపోయేదాన్ని. అన్నం రెండుసార్లు మాడింది. కొన్నాళ్ళకు చేయి తిరిగింది. మలుపులు తెలిశాయి, వలయంలో తలకిందులుగా తిరిగినా బెదురు పోయింది. వంతెన ఒక్కటే కొరుకుడు పడలేదు. అక్కడ రోడ్డు తెగి ఉంటుంది, అవతల బూడిదరంగుది ఏదో నిలబడి ఉంటుంది. ఆ అట్టముక్కల బొమ్మల్లో గోడేదో రోడ్డేదో తెలిసి చావదు. నెమ్మదిగా వెళ్తే నీళ్ళలో పడేదాన్ని. వేగంగా వెళ్తే తిన్నగా వెళ్ళి దానికి గుద్దుకునేదాన్ని. తెర మీద అద్దం పగిలినట్టు గీతలు వచ్చి ఆట ఆగిపోయేది.

ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు. మనం ఎలా చచ్చామో మళ్ళీ వేసి చూపించే సదుపాయం కూడా ఉంది ఆ ఆటలో. ఆయనకు అదొక పండగ. పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి నా కారు తుక్కవడం చూపించి, మధ్యలో ఆపి పాఠం చెప్పేవారు.

"ఇదిగో, ఇక్కడ గేరు లేటైంది. ఇక్కడ చూడు, చివర్లో బ్రేకు మీదికి పోయింది వేలు. ధైర్యం చాల్లేదు నీకు."

"మీరొకసారి చేసి చూపించండి."

"నేనెప్పుడో చేసేశాను. ఇప్పుడు నీ వంతు."

అంతటితో ఊరుకున్నారా అంటే, ఆఫీసులో కూడా చెప్పారు. ఒకసారి బజార్లో వాళ్ళ ఆఫీసాయన ఎదురై, చేపల సంచీ ఊపుకుంటూ, "ఏమ్మా, వంతెన దాటేవా?" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రోజూ ఆ వంతెన దాటి వెళ్ళి ఉద్యోగం చేసి, మళ్ళీ దాటి వచ్చి వీళ్ళకి వండిపెట్టే మనిషిని నేను. దాటనిదల్లా మా ఆయన.

ఒక ఆదివారం ఆయన కార్లో కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను ఆట మొదలుపెట్టబోయి ఏదో వేరే మీట నొక్కాను. రోడ్లు వేసే గళ్ళ నేల తెరుచుకుంది. మా ఆయన వేసిన యానాంని పై నుంచి చూడడం నాకదే మొదలు. నిదానంగా ఒక్కో ముక్క మీద వేలు పెట్టి చూసుకుంటూ వంతెన దాకా వచ్చాను. వంతెన ఎక్కడానికి వాలు ఉంది. చక్కగా ఉంది. కాకపోతే అవతలి వైపు ఉంది. అటు నుంచి వచ్చేవాడు వాలు ఎక్కి, తెగిన చోట గాల్లోకి లేచి, ఇటువైపు కింద రోడ్డు మీద దిగుతాడు. నేను రోజూ వస్తున్నది ఆ దిగే వైపు నుంచి. ఇటు నుంచి వచ్చేవాడికి అది నిలువు గోడ. గేరు వేసినా, ధైర్యం తెచ్చుకున్నా, దేవుడికి దణ్ణం పెట్టుకున్నా దాటే దారి లేదు.

స్టార్టింగ్ లైను వంక చూశాను. బయలుదేరే దిక్కు చూపించే బాణం తూర్పుకు తిరిగి ఉంది. నాకు విషయం అర్థమైపోయింది.

మా ఆయనకు వాస్తు పిచ్చి ఉంది. గేటు ఈశాన్యానికి జరిపించి, కారు బయటికి తియ్యాలంటే మెలికలు తిప్పాల్సి వచ్చేలా చేసింది ఆయనే. పొయ్యి తిప్పించారు, మంచం తిప్పించారు. లాప్‌టాప్ పెట్టే బల్లని కూడా తిప్పించారు.

"ఏవండీ, ఒకసారి కారు దిగి రండి" అని పిలిచాను. పేపరు మడుచుకుని వచ్చారు.

"ఈ స్టార్టింగ్ లైను ఎప్పుడు తిప్పేరు?"

"అదా, రోడ్డంతా వేసేసేక తిప్పేను. ముందు పడమటికి పెట్టేను, నడిపేను కూడాను. తరవాత మనసొప్పలేదు. ఏ పనైనా తూర్పు మొహంగా మొదలెట్టాలి గదా."

"తిప్పేక మళ్ళీ నడిపేరా?"

ఆయన తెర వంక చూశారు. వంతెన వంక చూశారు. మడిచిన పేపరుని మళ్ళీ మడిచారు.

మా అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఏం జరిగిందని అడిగితే, ఎక్కే వాలు ఎటుందో, నేను ఎటు నుంచి వస్తున్నానో వేలుపెట్టి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "ఆటబొమ్మక్కూడా వాస్తేంట్రా? అందులో ఎవరు కాపరం చేత్తారు?" అన్నారు.

వాళ్ళిద్దరూ చూస్తుండగానే బాణం పడమటికి తిప్పి ఆట మొదలుపెట్టాను. కారు ఈసారి ముందు వంతెన వాలు ఎక్కింది, గాల్లోకి లేచి ఇవతల పడింది, వలయం తిరిగింది, గట్టు దాటింది. వంతెన ఇవతలి రోడ్డంతా నాకు కంఠతా వచ్చు. గీత దాటాక మీట మీంచి చేయి తీసి ఆయన ముందు చాచాను.

"అది చెల్లదు" అన్నారు ఆయన. "నేను పెట్టిన పరీక్ష తూర్పుకి. పడమటికి ఎల్లింది లెక్కలోకి రాదు."

"మా బ్రాంచి పడమటే ఉందండీ. తూర్పుకెళ్తే సముద్రం."

మా అత్తగారు నాకంటే తక్కువ మాటల్లో తేల్చారు. "మాటిచ్చేవు, నేనిన్నాను. ఇచ్చెయ్యి."

లుంగీ మడతలోంచి తాళం వచ్చింది. దానితో పాటు షరతు కూడా వచ్చింది. మొదటిరోజు పక్కన తను కూర్చుంటారట. కూర్చోండి, నాకేం అన్నాను.

మర్నాడు ఆయన ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టారు. ఈశాన్యం గేటులోంచి మెలికలు తిప్పి కారు బయటికి తెచ్చాను. ఊళ్ళో ఉన్నంతసేపూ పాఠం సాగింది. హారన్ కొట్టు, ఆటో ఉంది, ఆవు చూడు. వంతెన మొదలవగానే గొంతు ఆగిపోయింది. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదుగానీ, ఆయన చేయి పై పిడిని పట్టుకోవడం, కాలు కింద లేని బ్రేకు తొక్కడం తెలుస్తూనే ఉన్నాయి. లారీ ఒకటి ఎదురొచ్చి, తన దారిన తను పోయింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. గాలి వీస్తే వీచింది, బండి పక్కకేం లాగలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, పాడుకోవాలనిపించింది.

"దాటేమా?" అన్నారు కాసేపటికి.

"దాటేం. కళ్ళు తెరవండి."

అవతల మా డిక్కీ వంక ఎవరూ చూడలేదు. ఆయనకు కొంచెం చిన్నతనంగా అనిపించినట్టుంది.

బ్యాంకు ముందు కారు ఆపి, నేను బ్యాగు తీసుకుని దిగేలోపు ఆయన అలవాటు ప్రకారం తాళం లాగి జేబులో వేసుకున్నారు. మా మేనేజరు మెట్ల మీద ఉన్నాడు. కారు చూసి, "మీరే నడిపేరా మేడమ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు.

"నేనే నేర్పేనండి. ముందు కంప్యూటర్లో ట్రైనింగ్ ఇచ్చి, అప్పుడు రోడ్డెక్కించేను."

మేనేజరు మెచ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన అదే ఊపులో నావైపు తిరిగి, "బండి ఎండలో ఎందుకు, నేను ఇంటికి తీసుకెళ్ళిపోతాను. సాయంత్రం ఆటోలో వచ్చెయ్" అన్నారు. ఇన్నాళ్ళు పడ్డ పాటు ఇందుకా అని నాకు ఏడుపొచ్చినంత పనయింది. మెట్ల మీద నిలబడి చూశాను.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. అద్దం సర్దుకున్నారు. సీటు వెనక్కి జరుపుకున్నారు, మళ్ళీ ముందుకు జరుపుకున్నారు. తాళం పెట్టారు. ఇంజను మాత్రం మోగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, మేం వచ్చిన రోడ్డు వంక చూస్తూ అలాగే ఉండిపోయారు. వెనక ఎవరో స్కూటరుకు దారి కావాలని హారన్ కొడితే ఉలిక్కిపడి దిగారు.

నా దగ్గరికొచ్చి తాళం చేతిలో పెట్టారు. "సాయంత్రం నువ్వే తెచ్చెయ్యి" అన్నారు. నా మొహం చూడలేదు. రోడ్డు దాటి, యానాం వెళ్ళే షేర్ ఆటో ఎక్కి, మనుషుల మధ్య సర్దుకుని కూర్చున్నారు.

నాకు జాలేసింది. జాలి పడాల్సి వచ్చినందుకు అంతకంటే ఎక్కువ చిర్రెత్తుకొచ్చింది. వంతెనంటే భయమని ఒక్క మాట అనుంటే, ఆయన్ని మొదటిరోజే నా పక్కన కూర్చోబెట్టుకుని దాటించేదాన్ని గదా.