కాలని టోపీల డబ్బా

"మీ మామ లేడప్పా. తెల్లారి పోయినాడు" అని అత్త ఫోన్ చేసింది. సండూరు దాటి, ఖనిజం లారీల వెనక దుమ్ము తింటూ చోరనూరు దగ్గరి మా ఊరు చేరేసరికి పాడె కడుతున్నారు. "మంచోడే గానీ తొందర మనిషప్పా. ఆ తొందరకే కదా కన్ను పోగొట్టుకునింది" అన్నాడు పక్కింటాయన. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

అది అబద్ధమని ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. అత్తకు చదువు రాదు, అదే నా ధైర్యం.

మామ మా అమ్మకు తమ్ముడు. జొన్నచేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికి లైసెన్సున్న నాటు తుపాకి ఉండేది. గొట్టంలో మందు పోసి, గుడ్డ కూరి, వెనక చిన్న రాగి టోపీ తొడిగేవాడు. మీట నొక్కితే సుత్తి ఆ టోపీ నెత్తిన కొడుతుంది, మందు అంటుకుంటుంది.

వానాకాలం టోపీలు చెమ్మగిల్లి ఒక్కోసారి కాలేవి కావు. అప్పుడు మామ తుపాకి దించేవాడు కాదు. గొట్టం గుట్టవైపే ఉంచి, తమలపాకు ఒకటి నోట్లో వేసుకుని, అది పూర్తిగా నమిలి ఊసేదాకా కదిలేవాడు కాదు. నేను విసుక్కుంటే నవ్వేవాడు. "అంత బేగ యాడికి పోవల్లప్పా? కాలని టోపీ సచ్చిందనుకుంటాం. అది నిద్రపోతాంటాది." తర్వాత సుత్తి దెబ్బకు సొట్టపడ్డ ఆ టోపీని తీసి, పూడ్చిపెట్టడానికి పక్కన వేసేవాడు. అంత ఓపికున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒక ఏడు బళ్లారిలో టోపీలు దొరకలేదు. నాకు తెలివెక్కువై, పూడ్చడానికి పెట్టినవాటిని ఎండలో ఆరబెట్టి మంచివాటిలో కలిపేశాను. అప్పటికే పాతికేళ్లు దాటినవాణ్ని, చిన్నతనమని చెప్పుకోవడానికీ లేదు. వారం తిరక్కుండా ఒక టోపీ కాలలేదు. మామ ఆకంతా నమిలాడు. తర్వాత తీయబోతే అది చేతిలోనే పేలి, రాగి ముక్క కుడికంట్లో దిగింది.

కంటికి కట్టుతో మంచం మీదున్నప్పుడు ఒక్కసారే అడిగాడు.

"పాతవి ఆరబెట్నావా?"

"లేదు మామా."

"సరే."

నాకప్పుడు సర్కారు కొలువు ఆర్డరు రావాల్సి ఉంది. విచారణకొచ్చిన పోలీసులతో "నా తొందరేనప్పా, ఎవురి తప్పూ లేదు" అని చెప్పి మామ సంతకం పెట్టాడు. లైసెన్సు పోయింది. ఆ తర్వాత ఆయన ఒంటికన్నుతో కంచం వాయిస్తూ గట్ల మీద తిరిగేవాడు. పందులు కంచానికి భయపడలేదు. ఊళ్లో పిల్లలు కూడా తొందరప్ప అని పిలిచేవాళ్లు. నేను ఉద్యోగం చేసుకుంటూ ఏటా ఒక పంచె తెచ్చిచ్చి, మంచి మేనల్లుణ్ని అనిపించుకున్నాను. సిగ్గులేని బతుకు.

దినాలయ్యాక అత్త ట్రంకుపెట్టె అడుగు నుంచి తుప్పుపట్టిన డబ్బా ఒకటి తీసింది. "దీన్ని మాత్రం ఎవుర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. మూత బిగుసుకునుండాది, నువ్వు తీయప్పా."

పక్కకు తిరిగి తీశాను. రాగి టోపీలు. వేలితో కదిపాను. ప్రతిదాని నెత్తినా సుత్తి దెబ్బ సొట్ట. మంచివాటిలోంచి నేను కలిపిన వీటినే ఏరి, ఎవరి కంటా పడకుండా ఇన్నేళ్లూ దాచాడు.

"ఏముండాదప్పా?" అంది అత్త.

"ఏం లేదత్తా" అని మూత పెట్టేశాను.