నాలుగు నెలల తేడా

మొన్న ఆదివారం మా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని బడిలో ఇచ్చిన అభ్యాసమేదో చేసుకుంటుంటే, పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూస్తున్నాను. వయసెంత అని అడిగే చిన్న ప్రోగ్రాం, సున్నా కంటే తక్కువ కొట్టినా నూట ఇరవై దాటినా తప్పని చెప్పాలి, అంతే. కొట్టి చూడమంది కదా అని మూడొందలు కొట్టాను. తప్పంది ఆ ప్రోగ్రాం, అంతటితో ఊరుకోక సరిగ్గా చెప్పండి అంటూ మళ్ళీ అడిగింది. మళ్ళీ అడగడమెందుకే అంటే, "తప్పు కొట్టినవాళ్ళంతా దొంగలా ఏంటి అమ్మమ్మా, పొరపాటు పడి ఉండొచ్చుగా" అనేసి తన పనిలో పడిపోయింది. పదేళ్ళ పిల్లకు తట్టిన మాట ఇరవై అయిదేళ్ళప్పుడు నాకు తట్టలేదు, అదీ నా బాధ.

మన వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, మన పుట్టినరోజులు అమ్మ చెప్పినవి కావు, బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు రాసినవి. కుడిచెయ్యి తలమీదుగా తిప్పితే ఎడమ చెవి అందిందా, అయిదేళ్ళు నిండినట్టే, ఆయన వేళ్ళమీద లెక్కేసి ఒక తారీఖు రాసేసేవారు. నేను పుట్టింది కార్తీకంలో, ముసురు పట్టిన రోజునని మా అమ్మ వందసార్లు చెప్పింది, నా సర్టిఫికెట్టులో మాత్రం జూన్ నెల. ఇదంతా నాకు తెలియక కాదు. తెలిసే చేశాను.

గుంటూరులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, ఆడపిల్లల హాస్టల్ సీట్లకు వచ్చే దరఖాస్తులు చూసే ఒక ఆఫీసులో తాత్కాలికంగా చేరాను. ఏ ఊరో, ఏ ఆఫీసో ఇప్పుడెందుకులెండి. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, దరఖాస్తులు సరిచూసే ప్రోగ్రాంలో కనబడిన ప్రతిదానికీ ఒక షరతు రాసేదాన్ని. పేరు ఖాళీగా ఉంటే తప్పు, తరగతికి వయసు పొసగకపోతే తప్పు. అక్కడితో ఆగానా? ఒకే తల్లిదండ్రుల పిల్లలిద్దరి పుట్టిన తేదీల మధ్య తొమ్మిది నెలలైనా లేకపోతే రెండో దరఖాస్తు దొంగదని కొట్టేసేలా ఇంకొకటి రాశాను. కవలలుంటారు కదా అని ఒకే తేదీ వాళ్ళను వదిలేశాను కూడా, అంత తెలివి! మా ఆఫీసరు గారు అందరి ముందూ శభాష్ అంటే, ఉద్యోగం ఖాయమైపోయినట్టే మురిసిపోయాను.

జాబితా అంటించిన మర్నాడు ఒకావిడ ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. పత్తి గింజలు పెట్టే రోజులు, కూలి మానుకుని పల్లె నుంచి తెల్లవారే బయలుదేరిందట. పెద్దపిల్లకు సీటొచ్చింది, చిన్నదానికి రాలేదు. కాగితాలు చూస్తే ఇద్దరికీ నాలుగు నెలలే తేడా. "ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్ళేనమ్మగారూ, ఒకే రోజు బళ్ళో ఏశాను, పంతులుగారు ఏం రాసుకున్నారో నాకేం తెలుసండీ" అంది. ఆవిడ చెప్పేది నిజమని నాకు అప్పుడే తెలుసు. ఆఫీసరు గారి గది పదడుగుల దూరంలో ఉంది. వెళ్ళి, నా షరతు తప్పండీ అంటే సరిపోయేది. కానీ శభాష్ అన్న నోటితోనే ఆయన ఏమంటారో, ఉన్న ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని భయం. "కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా" అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే. చిన్నపిల్ల అక్క చెయ్యి వదలకుండా నా వంకే చూస్తూ వెళ్ళింది. ఆ మరుసటి నెలలో నా ఉద్యోగం ఖాయమైంది, ఇంట్లో పాయసం వండారు, నేను తిన్నాను కూడా.

రెండేళ్ళ తర్వాత మిరపకాయల కాలంలో మా పెద్దమ్మ వాళ్ళ కల్లానికి వెళ్ళాను. ఎండబోసిన కాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్యలోంచి ఒకావిడ చప్పున లేచింది. ఆవిడే. పక్కన ముక్కుకు గుడ్డ కట్టుకుని చిన్నపిల్ల, మోచేతుల దాకా ఎర్రటి దుమ్ము. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "మా పెద్దదానికి సీటిచ్చిన అమ్మగారే!" అని అందరికీ చూపించింది. తర్వాత గొంతు తగ్గించి, "చిన్నదాని సంగతి నా తప్పేనండి, ఆ రోజు పంతులుగారికి సరిగ్గా చెప్పుకోలేకపోయా, మీకూ శ్రమిచ్చా" అంది. మిరపఘాటుకి కళ్ళు మండుతున్నాయని కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేశాను. నీది కాదమ్మా, తప్పు నాది అని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు పిల్ల పుట్టిన నిమిషంతో సహా ఆసుపత్రి వాళ్ళే రాసిస్తున్నారు, ఏ పంతులుగారూ వేళ్ళమీద లెక్కేయనక్కర్లేదు. మంచిదే. ఆ చిన్నపిల్లకిప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎన్నో కచ్చితంగా చెప్పలేను. తారీఖు తప్పని దాన్ని తిప్పి పంపాను గానీ, మరి అసలు ఎప్పుడు పుట్టిందమ్మా అని ఆ తల్లిని అడగనేలేదు.