నడిరోడ్డు మీద వార్చిన గంజి

మా అమ్మాయికి ఒళ్లు వెచ్చబడిందంటే నేను రెండు పనులు చేసేదాన్ని. ముందు దీపం పెట్టడం, ఆ వెంటనే పప్పన్నం కలపడం. రెండోది డాక్టరు గారి ఆజ్ఞ.

అప్పటికి దానికి ఐదేళ్లు. మణికొండలో ఉండేవాళ్లం. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నేను బడి మొహం చూసినదాన్ని కాను, చదువంతా ఇంట్లో మా నాన్నగారి దగ్గరే. అందుకని డాక్టరు గారిని నెమ్మదిగా చెప్పమని అడిగాను. విసుక్కోకుండా చెప్పారు, ఆయన చల్లగా ఉండాలి. ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయట. తిన్న అన్నాన్ని శక్తిగా మార్చేవి అవే. మా అమ్మాయికి అవి పుట్టుకతోనే బలహీనం. దెబ్బతిన్నప్పుడు వాటి లోపలి సరుకు బయటికి కారుతుంది. ఎన్నో యుగాల కిందట బయటినుంచి వచ్చి కణంలో కాపురం పెట్టినవి కాబట్టి వాటి వాలకం ఇప్పటికీ కాస్త సూక్ష్మజీవిలాగే ఉంటుందట. ఒంటికి పుట్టుకతో వచ్చిన కాపలా ఆ సరుకును చూసి శత్రువనుకుని గగ్గోలు పెడుతుంది. ఆ గగ్గోలుకు మెదడు ఇంకా నలుగుతుంది. ఇదంతా ఇప్పుడిప్పుడే తెలుస్తోందన్నారు.

"జ్వరంలో ఖాళీ కడుపుతో ఉంచకండమ్మా. పొయ్యి ఆరకూడదు. వెంటనే తీసుకొచ్చేయండి."

అంతకు ముందు వచ్చిన జ్వరం దాని నడక పట్టుకుపోయింది. నెలల తరబడి తంటాలు పడితే, గోడ పట్టుకుని నిలబడడం మళ్లీ వచ్చింది. మళ్లీ జ్వరం వస్తే అదీ పోతుందేమోనని నా భయం.

ఒకరోజు ఉదయం దాని ఒళ్లు కాలిపోతోంది. పాలు కూడా ముట్టలేదు. మా వారు ఆఫీసు పని మీద పుణె వెళ్లారు. పప్పన్నం డబ్బాలో సర్ది, అలవాటు ప్రకారం దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని, పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కాను.

అద్దాల మేడల మధ్య ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు, వాటిమీద పెద్ద పెద్ద గిన్నెలు, చుట్టూ డప్పులు. వంటావార్పు. ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండుకుని అక్కడే తిని నిరసన తెలిపే రోజు.

"ఇగ బండి కదలదమ్మా. తిన్నంకనే లేస్తరు," అన్నాడు ఆటో ఆయన.

పోనీ ఇక్కడే తినిపిద్దామని సంచి తెరిచాను. డబ్బా లేదు! దేవుడి దగ్గరే ఉండిపోయింది. పిల్ల పస్తు, స్వామికి పప్పన్నం. పిల్లేమో మత్తుగా నా భుజం మీద వాలిపోతోంది.

ఎదురుగా అన్నం ఉడుకుతున్న వాసన. వెళ్లి అడగాలంటే నోరు రాలేదు. నా మాట వింటే మాది ఏ ప్రాంతమో ఇట్టే తెలిసిపోతుంది. అయినా దిగాను. తలకు కండువా చుట్టుకుని అన్నం వారుస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, పాపకి జ్వరమండి. ఏమీ తినలేదు. కొంచెం ఏదైనా పెడతారా అండి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు తిరిగి చూశారు.

"ఆంధ్రోళ్లా?"

"అవునండి."

"గింత వణుకుతున్నవేంది చెల్లె? మేం రాష్ట్రం అడుగుతున్నం గని, నీ బిడ్డ బువ్వ గుంజుకుంటమా?" అంటూనే ఆ కండువా ఆవిడ వార్చిన గంజి గ్లాసులో పోసి, ఉప్పు కలిపి, కొంగుతో పట్టుకుని ఊదింది. "పప్పు ఇంక ఉడకలె. జర గిది తాపు."

గుక్క గుక్కగా తాగించాను. సగమయ్యేసరికి పిల్ల తనే గ్లాసు పట్టుకుంది.

"ఏం రోగం?" అని అడిగిందావిడ. నాకు తెలిసినంత చెప్పాను.

"అంటే ఇంట్లోళ్లనే దొంగలనుకుంటదా గా కావలి?"

"అలాగేనండి."

"మా అత్త గూడ గంతే. నేనొచ్చి ఇరవై ఏండ్లాయె, ఇంకా నన్ను జూసి బియ్యం డబ్బా మూత పెడ్తది!"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. మా పిల్ల మూతికి గంజి మీసంతో నన్నే చూస్తోంది.

"జరుగుండ్రి! పొల్లకు జెరమొచ్చింది, దవాఖానకు పోవాలె!" అని ఆవిడ కేకేసింది. డప్పుల వాళ్లు పక్కకు జరిగారు. నలుగురు కలిసి గిన్నె ఎత్తి పక్కన పెట్టారు. ఆటో పొయ్యిల మధ్య నుంచి వంకరటింకరగా బయటపడింది.

డాక్టరు గారు చూసి, "ఏం పెట్టారు?" అన్నారు. గంజి అన్నాను. "మంచి పని చేశారు," అని సెలైను ఎక్కించి, రెండు రోజులుంచుకుని పంపారు.

ఇంటి తలుపు తీయగానే గుప్పుమని వాసన. డబ్బా స్వామి ముందే ఉంది, పప్పన్నం పులిసి పాడైంది. పాపం, రెండు రోజులు ఎలా భరించాడో! పిల్లను గుమ్మం దగ్గర దించి, ముక్కు మూసుకుని డబ్బా తీశాను.

వెనక నుంచి "బువ్వ!" అని వినిపించింది.

తిరిగి చూద్దును కదా, ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది.

తర్వాత మళ్లీ జ్వరాలు రాకపోలేదు. కొన్ని ఏదో ఒకటి పట్టుకుపోయాయి కూడా. ఆ జ్వరం మాత్రం ఏమీ పట్టుకుపోలేదు. ఆ కండువా ఆవిడ పేరు అడగనేలేదు నేను. అందుకే దీపం పెట్టినప్పుడు స్వామికే చెప్పుకుంటాను, ఆవిడ పొయ్యి ఎప్పుడూ చల్లారకుండా చూడమని.