మా చేన్లో రాతిగది

పుంగనూరు దగ్గర మా అత్తామామలది ఒకటే ఎకరా. ఇద్దరూ ఊరోళ్ల చేలల్లో కూలికి పొయ్యి పొయ్యి కొన్న నేల. దాంట్లో ఒక మూల, పలకరాళ్లు నిలబెట్టి పైన ఇంకో పెద్ద పలక కప్పిన గది ఉండాది. ముందు రాయికి గుండ్రంగా బొక్క. పాండవులు కాపురమున్న ఇల్లంటారు మావైపు. అంత చిన్నదాంట్లో భీముడు కాళ్లు యాడ చాపుకున్నాడో నాకైతే అర్థం కాదు.

పోయినేడు పాతరాళ్లు చూసే ఆఫీసరొకాయన చౌడేపల్లె పక్క పల్లెలన్నీ తిరగతాండాడని తెలిసింది. అంతే, మా అత్తకు అన్నం సయించలేదు. రాళ్లు కంటబడితే చేనంతా గవర్నమెంటు కంచె వేసుకుంటుందని ఎవరో చెవిలో ఊదినారు. మదనపల్లెలో ఉద్యోగం చేసుకునే నాకు ఫోన్ చేసి, "ఆదివారం వచ్చి ఒక చెయ్యెయ్యి" అనింది. "అట్లేం తీసుకోరు అత్తా" అంటే, "నీకేం, నెలయితే జీతమొస్తాది" అని దెప్పింది. నాకు ఒళ్లు మండింది. అయినా పొయ్యి, ఆవు మేతకని దాచిన ఎండు శెనక్కాయ కట్టెనంతా ఆ గది కనపడకుండా వామి వేస్తిమి.

మేము నడుం ఎత్తకముందే జీపు రానే వచ్చింది. మా అత్త ఆయనకు మజ్జిగిచ్చి, "మా చేన్లో రాళ్లేం లేవు సామీ, కావాలంటే సూసుకో" అనింది. అప్పుడే మా ఆవు తాడు తెంపుకొని వామి మీద పడింది. నోటికందిందంతా లాగతాండాది. పలక బయటపడె, బొక్కా బయటపడె.

"దీని దుంప తెగ!" అని మా అత్త నెత్తి కొట్టుకునింది.

ఆఫీసరు నవ్వినాడు. వంగి బొక్కలోంచి తొంగి చూసి, "చేను మీదేనమ్మా, ఎవరూ తీసుకోరు. బాగా దున్నుకోండి. రాళ్లు మాత్రం కదపొద్దు" అన్నాడు. మా అత్త నా వైపు తిరిగి, "మళ్లీ చెప్పమను" అనింది. ఆయన మళ్లీ చెప్పినాడు. మా అత్త గట్టుమీద కూలబడి, కొంగు నోట్లో పెట్టుకోని ఏడ్చింది. నాకూ పోయిన ప్రాణం లేచొచ్చింది.

అది ఇల్లు కాదు, సమాధి అన్నాడాయన. వేల ఏండ్ల కిందట గొడ్లు తోలుకోని, మేత, నీళ్లు చూసుకుంటా తిరిగిన జనం కట్టినారంట. ఇట్లాంటివి కుప్పం దాకా, ఆపక్క కర్ణాటకలోనూ ఉండాయంట. చనిపోయినోళ్లను లోపల పెట్టి, పక్కన కుండలు పెట్టేవాళ్లంట.

జీపు పోయినాక మా అత్త ఆ రాళ్ల ముందర చాలాసేపు కూసునింది.

"ఒక ఎకరా పోతాదని నేను ఇంత అల్లాడితిని కదమ్మా" అనింది. "వీళ్లు కన్నోళ్లనే ఈడ పెట్టి, మళ్లీ యాడికో నడిచి పోయినారే. ఎట్ల వదిలిపెట్టి పోయినారో!"