శ్రీను కొట్టిచ్చిన బొండం

కోనసీమ అంటే పడవలూ పూతరేకులూ అనుకునేవారికి ముందే చెబుతున్నాను, నేను వెళ్ళింది వాటి కోసం కాదు. తీవ్రమైన మానసిక జబ్బు నుంచి తేరుకుంటున్నవారు ఇంట్లో, పనిలో మళ్ళీ ఎలా కుదురుకుంటున్నారో తెలుసుకునే ఒక పరిశోధనలో ఇంటింటికీ వెళ్ళి మాట్లాడడం నా పని. మా ప్రశ్నల్లో నాకిష్టమైనది ఒకటుంది: "మీ దృష్టిలో బాగుపడడం అంటే ఏమిటి?" అది అడగడానికే అంబాజీపేట బయలుదేరాను.

పొద్దున ఏడింటికి రాజమండ్రిలో బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కడి నుంచి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. కొబ్బరికాయల లారీ వెనకాలే పాకుతున్నాం. "దాటించకూడదా బాబూ?" అన్నాను. "ఎందుకండీ తొందర? ఆ లారీ కూడా అంబాజీపేటేనండి" అన్నాడు డ్రైవరు. 

నేను కలవాల్సిన శ్రీనుకి ముప్పై దాటాయి. స్కిజోఫ్రెనియాతో కొన్నేళ్ళు ఎవరికీ వినపడని గొంతులతో సతమతమై, ఇప్పుడు మందులు మానకుండా వాడుతూ నిలకడగా ఉన్నాడు. కొబ్బరి కొట్టులో కాయలు కొట్టే పని అతనికి ముందునుంచీ వచ్చు. సోమవారం నుంచి రమ్మని కొట్టు మేస్త్రి కబురు పెట్టాడు, కానీ వాళ్ళక్క లక్ష్మిగారు సరేనంటేనే. ఆవిడ ఇంకా అనలేదు. జబ్బు ముదిరిన రోజుల్లో అతను తనకు తానే గాయం చేసుకున్నాడట. అప్పటినుంచీ ఇంట్లో కాయలు కొట్టే కత్తి తాళం వేసిన బీరువాలోనే ఉంటోంది.

"డాక్టరుగారు పర్లేదన్నారండి. మా ఆయన చూస్తే మస్కట్లో ఉన్నారు. ఏదన్నా అయితే నేనొక్కదాన్నే కదండీ" అన్నారావిడ కుర్చీ వేస్తూ. బొండం కొట్టడానికి పక్కింటాయన్ని పిలుస్తానని ఆవిడ లేచారు. నేను శ్రీనుని నా ప్రశ్న అడిగాను.

అతను చెప్పాడు: "ఎవరొచ్చినా మా అక్క పక్కింటాయన్నే పిలుస్తుందండి. నేనిక్కడే నిలబడుంటానండి. ఆయన్ని పిలవక్కర్లేని రోజున బాగుపడినట్టండి."

గుమ్మం దాటబోతున్న లక్ష్మిగారు ఆగిపోయారు. లోపలికెళ్ళి, బీరువా తాళం తీసి, కత్తి తెచ్చి అతని చేతికిచ్చారు. "మేడంగారికి లేతది చూసి కొట్టరా" అన్నారు.

అతను చక్కగా కొట్టి, రెండు చేతులా నాకందించాడు. తర్వాత కత్తి తుడిచి అక్కకి తిరిగి ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు. "నాకెందుకురా? సోమవారం పనిలోకి ఒట్టి చేతుల్తో వెళ్తావా ఏంటి?"

బొండం తాగుతున్న వంకతో నేను కళ్ళు తుడుచుకున్నాను. తేరుకోవాల్సింది శ్రీను ఒక్కడే అనుకుని వెళ్ళాను. వాళ్ళక్క కూడా ఇన్నాళ్ళూ ఆ భయం నుంచి తేరుకుంటూనే ఉందని నాకు అక్కడే తెలిసింది. ఆ ఇద్దర్నీ తలుచుకుంటే ఇప్పటికీ ప్రేమ పొంగుకొస్తుంది.

మీరూ వెళ్తే ఒక్క సలహా: అమలాపురం బస్టాండులో కడుపు నిండా ఏమీ తాగకండి. అంబాజీపేటలో ఎవరో ఒకరు బొండం కొట్టి ఇస్తారు, దాహంగానే వెళ్ళండి.